దాపట దొర, వలపట చంటోడు: పాత కెమెరాతో పల్నాడులో నాలుగు రోజులు

మా కోనసీమలో కెమెరాకు పెద్ద పరీక్ష ఉండదు. ఎటు తిప్పినా పచ్చదనం, మధ్యలో ఒక కాలువ. కళ్ళు మూసుకుని నొక్కినా ఫొటో బాగానే వస్తుంది. అందుకే అమలాపురంలో నా స్నేహితుడు సూరిబాబు తన పాత మిర్రర్‌లెస్ కెమెరా నా ఒళ్ళో పెట్టి, "ఓ నాలుగు రోజులు తిప్పి చూడండి. నచ్చితే ఉంచేసుకోండి, లేకపోతే తెచ్చిచ్చేయండి" అన్నప్పుడు, దీన్ని ఎండా దుమ్మూ రాళ్ళూ ఉన్న చోటికే తీసుకెళ్ళాలని ఆ పూటే అనుకున్నాను. పల్నాడు గుర్తొచ్చింది.

కెమెరా మార్చక తప్పని వయసు వచ్చింది నాకు. ఇన్నేళ్ళూ మెడకు వేలాడిన నా పెద్ద కెమెరా, దాని లెన్సులూ కలిసి కుడి భుజాన్ని తినేశాయి. డాక్టరు గారు బరువులు మోయొద్దన్నారు. మా ఆవిడ ఆ మాట రోజుకు రెండుసార్లు నాకు మళ్ళీ చెబుతోంది. మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం ఉండని కెమెరా, అందుకే చిన్నది, తేలిక. సూరిబాబుది పదేళ్ళు దాటింది. కొత్తవాటి హంగులేమీ లేవు. ఊళ్ళు తిరిగేవాళ్ళకు ఇలాంటి పాతది సరిపోతుందా అని నన్ను అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసమూ, నా భుజం కోసమూ బయలుదేరాను.

నరసరావుపేట: మర్చిపోయిన చార్జర్

దిగగానే టిఫిను. ఇడ్లీల మీద నెయ్యి పోసి, దాని మీద కారప్పొడి చల్లి ఇచ్చారు. నలభై రూపాయలు. మా వైపు ఇడ్లీ పక్కన కొబ్బరిచట్నీ వినయంగా కూర్చుంటుంది. ఇక్కడ కారప్పొడిదే పెత్తనం. నేను నీళ్ళ గ్లాసు మూడోసారి ఎత్తేసరికి వడ్డించే ఆయన నవ్వి, "ఏ ఊరు సార్ మీది? గోదారి అవతలా?" అన్నాడు. నేను నోరు తెరవకుండానే ఊరు పోల్చేశాడు.

కళ్ళు తుడుచుకుంటూ కెమెరా సంచి తెరిచాక తెలిసింది, చార్జర్ ఇంట్లో గోడకే ఉండిపోయిందని. ఇప్పటి కెమెరాలకు ఫోను వైరు గుచ్చితే చాలు. ఈ పాతదానికి అలా కుదరదు. బ్యాటరీ బయటకు తీసి దాని సొంత డబ్బాలో పెట్టాలి. పాతది కొనాలనుకునేవాళ్ళు ముందు ఆ డబ్బా దొరుకుతుందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు.

ఆటో ఆయన నన్ను ఒక ఫోను రిపేరు కొట్టు ముందు దించాడు. కొట్టు మస్తాన్ వలీ అనే నలభై ఏళ్ళాయనది. బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు పిన్నులున్న క్లిప్పు చార్జర్ ఒకటి సొరుగులోంచి తీశాడు. పాత ఫోన్ల కాలంలో ప్రతి ఇంట్లోనూ ఉండేది. పిన్నులు జరిపి, రబ్బరు బ్యాండు చుట్టి, దీపం వెలిగించాడు.

"రెండు గంటలు పట్టిద్ది భాయ్. టీ తాగిరండి. అయినా ఫోన్ ఉందిగా, ఇదెందుకు?"

సమాధానంగా ఆయన్నే ఒక ఫొటో తీశాను. తెర మీద చూసుకుని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ముసలోణ్ణి చేశావేంది సార్? ఫోన్లో అయితే తెల్లగా, నున్నగా వస్తాను."

"ఇది ఉన్నది ఉన్నట్టు తీస్తుందండి."

"అందుకే ఎవరూ కొనటంలా," అన్నాడు. కాసేపాగి మళ్ళీ కెమెరా అడిగి తీసుకుని, ఆ ఫొటోనే పెద్దది చేసి చూసుకున్నాడు. ఇరవై రూపాయల కంటే ఎక్కువ తీసుకోలేదు. పైగా ఆ క్లిప్పు చార్జర్ నా సంచిలో పడేసి, "తిరిగి పోయేటప్పుడు ఇచ్చి పోండి" అన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇలా ఇచ్చేస్తారా అని నేనే సిగ్గుపడ్డాను.

నకరికల్లు దారి: ఎరుపు

రెండో రోజు నకరికల్లు దాటాక రోడ్డు పక్కన మిరపకల్లం కనిపించింది. ఎకరం మేర పట్టాలు పరిచి కాయలు ఎండబోశారు. పది మంది ఆడవాళ్ళు తలకు గుడ్డలు చుట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను ఇరవై ఫొటోలు తీసి గర్వంగా చూపించాను. వాళ్ళలో పెద్దావిడ తెర మీదకు వంగి చూసింది.

"ఇందులో కాయ ఏది, పట్టా ఏది? అంతా కుంకం పోసినట్టుండాదే!"

నిజమే. పాత కెమెరాలకు ఎండలో ఎరుపంటే కొంచెం పిచ్చి. కాయకూ కాయకూ మధ్య గీత చెరిగిపోయి అంతా ఒకే ముద్ద అయిపోతుంది. కెమెరాలోకి వచ్చే వెలుతురు బాగా తగ్గించి మళ్ళీ తీశాను. ఈసారి తొడిమలు కూడా కనిపించాయి. "ఆఁ, ఇప్పుడు కాయ," అంది. ఫొటోల పాఠం ఎవరి దగ్గర నేర్చుకున్నా ఒకటే.

ఆ హుషారులో ఒక తెలివితక్కువ పని చేశాను. కల్లం మధ్యలో నిలబడి లెన్సు మార్చాను. మిరపకారపు ధూళి కెమెరా పొట్టలోకి వెళ్ళింది, నా ముక్కులోకీ వెళ్ళింది. నేను తుమ్మి తుమ్మి కూలబడితే, వాళ్ళు పని ఆపి నవ్వారు. తర్వాత జాలిపడి తమ మధ్యాహ్నం సద్దిలోంచి అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ పెట్టారు. వాళ్ళలో ఒక్కరూ దగ్గలేదు, తుమ్మలేదు. ఆ సంగతి సాయంత్రం నాకు అడ్డొస్తుందని అప్పుడు తెలియదు.

గురజాల అవతల: కన్ను తుడిచిన గుడ్డ

గురజాల దాటాక ఒక ఊరు. పేరు రాయొద్దని అక్కడ నాకు భోజనం పెట్టినవాళ్ళే అన్నారు. "ఓడిన సంగతి అందరికీ తెలవాలా ఏంది?" అన్నారు. మర్నాడు ఆ ఊరి తిరునాళ్ళలో ఎడ్ల పోటీ. జత ఎడ్లు పెద్ద బండరాయిని లాగాలి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత. పరుగెత్తే ఎడ్లు, లేచే దుమ్ము, కేకలు. కెమెరాకు ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది? దాని కోసమే వచ్చాను.

ఊరి మొదట్లో ఒక ఇంటి ముందు రెండు తెల్లని ఒంగోలు ఎడ్లు నిలబడి ఉన్నాయి. సాయంకాలపు ఎండ వాటి మూపురాల మీద పడుతోంది. ఒకామె వాటికి ఉలవల నీళ్ళు తాగిస్తోంది. నేను అడగలేదు. మా వైపు ఆవును ఫొటో తీయడానికి ఎవరూ అడగరు. నాలుగు నొక్కాను.

"ఏందయ్యో! ఎవరు నువ్వు? రేపు పందెం పెట్టుకుని ఎడ్లని ఫొటో తీస్తావేంది? కళ్ళు పడితే ఎవరిది పూచీ?"

ఆమె పేరు వెంకాయమ్మ. పోటీకి ముందు ఎడ్లను కొత్తవాళ్ళ కంట పడనివ్వరట, ఫొటో అసలే తీయనివ్వరట. "తప్పయిపోయిందండి, ఆయ్, తెలియలేదండి" అని నేను చేతులు జోడించాను. నా 'అండి'లు విని ఆమె భర్త సాంబయ్య అరుగు మీద నుంచి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆమె ఎందుకు నవ్వలేదో సాంబయ్యే చెప్పాడు. ఆ జతను ఆమె దూడలప్పటి నుంచి పెంచింది. ఎడమ పక్క కట్టే ఎద్దును దాపటిది అంటారు, అది దొర. కుడి పక్కది వలపటిది, అది చంటోడు. సాంబయ్య మోకాళ్ళు అరిగిపోయాయి, ఎడ్లతో పరిగెత్తలేడు. కృష్ణా నది అవతల నుంచి ఒక రైతు బేరానికి వచ్చి కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాలు చివరికి ఒక మాట మీదకు వచ్చారు. రేపు మొదటి మూడు స్థానాల్లో నిలిస్తే జత ఇంకో ఏడాది ఈ కొట్టంలోనే ఉంటుంది. లేకపోతే ఎల్లుండి పొద్దున వెళ్ళిపోతుంది.

అలాంటి జత మీద నా కెమెరా కన్ను పడింది.

"సరే, దిష్టి తియ్యాలి," అంది వెంకాయమ్మ. "నీ కాలి కింద మట్టి ఇయ్యి."

ఇచ్చాను.

"దానిది?"

"కెమెరాకి కాళ్ళుండవు కదండీ."

"కన్నుందిగా. కన్ను తుడిచిన గుడ్డ ఇయ్యి."

లెన్సు తుడిచే మెత్తని గుడ్డ ఇచ్చాను. దాని ధర నూట యాభై అని చెప్పే ధైర్యం చేయలేదు. నా మట్టి, ఉప్పు, ఎండు మిరపకాయలు ఆ గుడ్డలోనే మూటకట్టి, దొర చుట్టూ, చంటోడి చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసింది. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు. ఘాటొస్తే భయం లేదు.

నేను దగ్గడం మొదలుపెట్టాను. ఊపిరాడలేదు. ఇంత ఘాటు జన్మలో ఎరగను, ఇంత సంతోషంగా ఎన్నడూ దగ్గలేదు.

"వచ్చింది! ఘాటొచ్చిందండి!"

వెంకాయమ్మ చుట్టూ చూసింది. "మీకొచ్చిందా?" అనడిగింది ఇంట్లో వాళ్ళను. ఏళ్ళ తరబడి మిరపకల్లాల్లో బతికిన మనుషులు. ఒక్కరూ ముక్కు కూడా చిట్లించలేదు. "మాకేం రాలా," అన్నారు. అప్పటికే నా ఇడ్లీ కథ విన్న సాంబయ్య, "ఆయన గోదారాయన, ఇడ్లీకి కూడా దగ్గుతాడు. ఆయన దగ్గు లెక్కలోకి రాదు," అని తేల్చేశాడు.

దిష్టి ఉందో లేదో తేలలేదు. చివరికి వెంకాయమ్మ ఒక షరతు పెట్టింది. "రేపు రా. చూడు. కానీ మావి బండ లాగేటప్పుడు అది సంచిలోంచి బయటికి తియ్యమాక." మాటిచ్చాను. ఆ మాటిచ్చాక జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. కొత్తవాణ్ణి తిట్టిన మనిషే కొసరి కొసరి పెట్టడం ఈ నేల పద్ధతి. మా వైపు తిట్టరు, కానీ ఇలా పెట్టడానికి ఇంకో నాలుగు పలకరింపులు పడతాయి.

బండ

మర్నాడు తిరునాళ్ళలో మిగతా జతలను మాత్రం, వాటి యజమానులను అడిగి మరీ, తనివితీరా తీశాను. పాత కెమెరా గుట్టు అక్కడ బయటపడింది. ఎదురుగా పరుగెత్తుకొస్తున్న ఎద్దును అది పట్టుకునేలోపు ఎద్దు ఫ్రేము దాటిపోతుంది. వరసగా పది నొక్కితే ఎర్రదీపం మిణుకుమంటూ కూర్చుంటుంది. తీసినవి కార్డులో దాచుకునేదాకా కదలదు. సరిగ్గా ఆ దీపం వెలిగినప్పుడే బండ గీత దాటుతుంది. అయితే ఒక ఉపాయం ఉంది. ఎడ్లు వచ్చే చోటును ముందే నేల మీద చూసుకుని, ఫోకస్ అక్కడ బిగించి, కాచుకుని కూర్చోవడం. పదింటిలో నాలుగు ఫొటోలు నిలబడ్డాయి. దుమ్ములో ఎడ్ల గిట్టలు, బిగిసిన మెడలు, రైతు నోట్లోని కేక కూడా కనిపించేలా వచ్చాయి.

మైకులో వెంకాయమ్మ ఇంటి జత పేరు వినగానే కెమెరా సంచిలో పెట్టి జిప్పు లాగాను. రెండు చేతులూ సంచి మీద పెట్టుకుని కూర్చున్నాను. సాంబయ్య తమ్ముడు జతను తోలాడు. దొర మొదటి ఊపులోనే బండను కదిలించాడు. ఇంతకాలం నేను ఏది చూసినా కెమెరా చట్రంలోంచే చూశాను. ఆ రోజు అంచుల్లేకుండా చూశాను. కేకలు వేశాను కూడా. నా పక్కనున్నాయన, "మీకు చుట్టాలా?" అనడిగాడు.

సగం సమయం అయ్యేసరికి మన జతదే రెండో దూరం. ఆ తర్వాత మలుపులో చంటోడి ముందుకాలు జారింది. మోకాలి మీద పడి, మళ్ళీ లేచాడు. లేచాడు గానీ ఆ ఊపు తిరిగి రాలేదు. టేపు లాగి కొలిచారు. నాలుగో స్థానం. మూడో జతకూ వీళ్ళకూ మధ్య తేడా నా రెండు చేతులు చాచినంత.

నేను వెళ్ళిపోదామనుకున్నాను. ఆ నాలుగు నొక్కులూ నేనే నొక్కాను కదా. కానీ చెప్పకుండా పోవడం ఇంకా పెద్ద తప్పనిపించి వాళ్ళ కొట్టం దగ్గరకు వెళ్ళాను. వెంకాయమ్మ చంటోడి మోకాలికి పసుపు రాస్తోంది.

"నా మూలంగానేనేమోనండి," అన్నాను.

ఆమె తలెత్తకుండానే అంది. "నీ కన్ను కాదులే అన్నయ్యా. నాదే. పొద్దున కడిగి బొట్టు పెట్టి, నా బిడ్డలు ఎంత బాగున్నారో అని చూసుకుంటా నిలబడ్డా. ఎవరి కంటికైనా మందుంది గానీ, పెంచినదాని కంటికి మందేడుందీ?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

తెల్లవారాక

కృష్ణ అవతలి రైతు యాదయ్య వ్యాను తెచ్చాడు. మెత్తని మనిషి. వ్యానులో గడ్డి పరిపించి, ఎడ్లు జారకుండా ఇసుక కూడా పోయించాడు. సాంబయ్య పలుపుతాళ్ళు ఆయన చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు.

వెంకాయమ్మ నా దగ్గరకొచ్చి, "ఆ కెమెరా తియ్యి," అంది.

అప్పటికి బ్యాటరీ ఎర్రగీతలో ఉంది. తెల్లటి ఎడ్లు, వాటి వెనక సున్నం కొట్టిన తెల్లటి గోడ. పాత కెమెరాకు ఇది ఎడారిలో దారి వెతుక్కోవడమే. పట్టుకోవడానికి గీత దొరక్క లెన్సు ముందుకూ వెనక్కూ గుర్రుమంది. నల్లటి పలుపుతాడు మీద ఫోకస్ పెట్టాను, పట్టుకుంది.

"మీరు కూడా మధ్యలో నిలబడండి," అన్నాను.

"నేనొద్దు. నాకు పంపమాక కూడా. ఆయనకి పంపు." యాదయ్య వైపు చూపించింది. "ఇది దాపట, ఇది వలపట. రెండూ తెలుపే, కొత్తోళ్ళకి తేడా తెలవదు. మార్చి కట్టారంటే బెంగెట్టుకుంటయ్, మేత ముట్టవు. ఫొటో ముందు పెట్టుకుని కట్టమను."

ఇంతవరకూ నా ఫొటో ఒకటి ఏదో పని చేయాలని ఎవరూ అడగలేదు. ఊపిరి బిగబట్టి మూడు తీశాను. మూడోదానికి కెమెరా ఆగిపోయింది.

వ్యాను కదిలాక ఆమె ఖాళీ కొట్టం ఊడవడం మొదలుపెట్టింది. నేను ఆటో ఎక్కేదాకా చీపురు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మాచర్ల: తీర్పు

మాచర్లలో బ్యాటరీ నింపుకుని ఎత్తిపోతల జలపాతానికి వెళ్ళాను. వేసవి ముఖం పట్టడంతో నీళ్ళు పలచబడ్డాయి, కోతులు మాత్రం నిండుగా ఉన్నాయి. ఒకటి నా చేతిలోని వేరుశెనగ పొట్లం ఎత్తుకుపోయింది. పది రూపాయల పొట్లం, పది నిమిషాల రభస. నీటిధార నురగలా సాగేలా చేత్తో పట్టుకునే తీశాను. కదలికను ఆపే యంత్రం కెమెరా లోపలే ఉంది కాబట్టి చేయి వణికినా ఫొటో వణకలేదు.

ఇక కెమెరా సంగతి. కొండలకు, మనుషుల మొహాలకు, నిలబడి మాట్లాడే ఊళ్ళకు ఇది హాయిగా సరిపోతుంది. పరుగెత్తేవాటికి మీరే ముందు వెళ్ళి కాచుకోవాలి. ఎరుపును నమ్మకండి. దుమ్ములో లెన్సు మార్చకండి. కనీసం మూడు బ్యాటరీలు ఉంచుకోండి. నాలుగు రోజులు మోసినా నా భుజం ఒక్కసారి కూడా మూలగలేదు.

వచ్చేటప్పుడు నరసరావుపేటలో ఆగి మస్తాన్ వలీకి క్లిప్పు చార్జర్ ఇచ్చేశాను, ఆయన ఫొటో కాగితం మీద వేయించి ఇచ్చాను. "మా ఆవిడకి చూపించను," అని నవ్వుతూనే జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక

సూరిబాబుకు కెమెరా ఉంచుకుంటానని చెప్పాను. ఎడ్ల ఫొటో పెద్దగా వేయించి, ఒక్కోదాని కింద 'దాపట: దొర', 'వలపట: చంటోడు' అని రాసి యాదయ్యకు పంపాను. వారానికి ఆయన ఫోను చేశాడు.

"ఫొటో వచ్చింది సార్. కొట్టంల గోడకు పెట్టిన. గట్లనే కట్టినం. అమ్మకు చెప్పుండ్రి, మార్చలేదని."

వెంటనే వెంకాయమ్మకు ఫోను చేసి చెప్పాను. "ఫొటోలో ఉన్నట్టే కట్టారటండి."

"మేత తిన్నయ్యా?" అంది.

నేను ఆ మాట అడగనే లేదు. అడిగి చెబుతానని ఫోను పెట్టేసి, మళ్ళీ యాదయ్యకు చేశాను.

"దొర తిన్నడు సార్. చంటోడు ఇంకా సరిగ ముట్టుతలేడు. కుడితి తాగుతుండు, గంతే. మెల్లగ అలవాటైతది."

కెమెరా గురించి ఇంతసేపూ ఉన్నది ఉన్నట్టే చెప్పాను. వెంకాయమ్మకు మాత్రం రెండూ శుభ్రంగా తిన్నాయని చెప్పాను.